పలక కాదు, సున్నపురాయి

మనవరాలి పెళ్లికి ఇంటికి సున్నం కొట్టించాలని మొన్న మా అబ్బాయి పెరట్లో తొట్టి నిండా కాల్చిన సున్నపురాళ్లు పోయించాడు. పనివాడు వాటి మీద బిందెడు నీళ్లు కుమ్మరించగానే బుస్సుమని పొంగి, ఆవిరి లేచి, పెరడంతా ఆ ఘాటు వాసన కమ్ముకుంది. ఇంట్లోవాళ్లందరూ దగ్గుకుంటూ ముక్కులు మూసుకుని లోపలికి పరుగెత్తారు. నేను మాత్రం కుర్చీని ఇంకాస్త ముందుకు లాక్కున్నాను. "అవ్వా, కండ్లు పోతాయి, ఇట్ల రా!" అని మనవరాలు చెయ్యి పట్టి గుంజింది. వినలేదు. వినే రకాన్ని కాదని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ బుసబుస చెవిన పడితే నాకు గిద్దలూరు ఆడపిల్లల బడి, ఒక సగం నిమ్మచెక్క, ఒక నల్లబోర్డు, మా పెద్దటీచరమ్మ వరసగా కళ్లముందుకు వస్తారు. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. చూసిన వాళ్లలో మిగిలింది కూడా కొద్దిమందే, అందుకే రాస్తున్నాను.

అప్పటికి మా ఊళ్లు కర్నూలు జిల్లాలో ఉండేవి, దొరల రాజ్యం ఇంకా నడుస్తోంది. మాది మార్కాపురం. నాయన పలకలు కోసేవాడు. గనిలోంచి వచ్చిన రాయిని ఉలి పెట్టి పొరలు పొరలుగా విడదీసి, చదును చేసి, చెక్క చట్రంలో బిగించేవరకు పనంతా మా వసారాలోనే జరిగేది. నాకు నడక రాకముందే పలకరాయి తెలుసు. నా పళ్ల మధ్య ఎప్పుడూ ఆ బూడిదరంగు దుమ్ము ఉండేదని అమ్మ నవ్వేది. టీచరు ట్రైనింగ్ పూర్తిచేసి, ఇరవై రెండేళ్ల వయసులో రైలెక్కి గిద్దలూరు బడిలో చేరేనాటికి నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, నాకు చాలా తెలుసని. రెండు, రాళ్ల గురించయితే నాకు తెలియనిది లేదని. మొదటిదాన్ని ఆ బడి ఒక్క నెలలో వదిలించింది. రెండోదానికి ఏడాది పట్టింది.

బడిలో పెద్దటీచరమ్మ అంటే హెడ్మిస్ట్రెస్. పొట్టి మనిషి, నల్లటి మొహం, అంచులేని తెల్లచీర, చేతిలో మగవాళ్ల గొడుగు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయేది, మిగతా ఆరు రోజులూ సందు దొరికితే గుట్టల మీదికి పోయేది. పెన్సిలును దారంతో నడుముకు కట్టుకునేది, ఎక్కడైనా మరిచిపోతానేమోనని. తెచ్చిన మొక్కలను పాత పేపర్ల మధ్య పరిచి, వాటి మీద ట్రంకుపెట్టె, దాని మీద సన్నికల్లు పెట్టి అణిచేది. ఆమె ఇంట్లో పచ్చడి నూరాలంటే ముందు ఆ సన్నికల్లు కింద ఏ మొక్క ఉందో అడగాలి. ఊళ్లోవాళ్లు ఆమె ఆకుపసరు మందులు ఇస్తుందనుకుని తేలు కుట్టినా, పిల్లాడికి కడుపునొప్పి వచ్చినా ఆమె గుమ్మం తొక్కేవాళ్లు. "నాకు మందులు రావు నాయనా. మొక్కలు ఒక్కటే తెలుసు, అవి గూడా సగమే," అనేది. వాళ్లు నమ్మేవాళ్లు కాదు, ఏదో దాచిపెడుతోందని గొణుక్కుంటూ పోయేవాళ్లు.

ఆమెకు రెండు పట్టింపులుండేవి. మొదటిది చీటీ. మొక్కను పీకిన చోటే, దాని పక్కనే కూర్చుని చీటీ రాయాలి. ఏ ఊరు, ఏ తేదీ, కింద రాయా మన్నా, పువ్వు రంగేమిటి. చివరి వరుసలో 'తెలియనిది' అని ఉండేది, దాన్ని ఖాళీగా వదలకూడదు. నేను మొదట తెచ్చిన మొక్కకు అన్నీ రాసి చివరిది వదిలేస్తే చీటీ వెనక్కి ఇచ్చేసింది. "అంతా తెలిసిపోయిందా ఏంది నీకు? ఆ పువ్వు మీదికి ఏ పురుగు వచ్చిందో చూసినావా? లేదు గదా. అది రాయి," అంది. రెండో పట్టింపు సోమవారం బోర్డు. ప్రతి సోమవారం ఉదయం ప్రార్థన కాగానే పెద్దగదిలో నల్లబోర్డు మీద ఆమె తన చేత్తో 'పోయిన వారం నా తప్పులు' అని శీర్షిక పెట్టి కింద రాసేది. ఒకసారి 'లెక్కలో ఆరో ప్రశ్నకు తప్పు జవాబు చెప్పాను' అని, ఇంకోసారి 'మరియమ్మ దొంగతనం చేసిందని అనుకున్నాను, చేయలేదు' అని. పిల్లలు దాన్ని గొంతెత్తి చదివేవాళ్లు. మిగతా టీచర్లం కూడా రాయవచ్చని చెప్పేది గానీ, మాలో ఎవరూ సుద్దముక్క ముట్టుకున్న పాపాన పోలేదు. పిల్లల ముందు చులకనైపోతామని మా భయం.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. పెద్దటీచరమ్మకు మోకాలు వాచి గుట్ట ఎక్కలేకపోతే, ఒక శనివారం నన్ను పంపింది. బడి ఆయాను తోడు తీసుకుని, ఊరికి రెండు కోసుల దూరంలో ఉన్న బొల్లిగుట్టకు పోయాను. గుట్ట నెత్తిన, పరుపులు పరుపులుగా ఉన్న బూడిదరంగు బండ నెర్రెలో, జానెడు కూడా లేని మొక్క ఒకటి కనిపించింది. మందమైన ఆకులు బండకు అతుక్కుని ఉన్నాయి, మధ్యలోంచి సన్నటి కాడ లేచి దాని చివర లేత ఊదా పువ్వు. ఎక్కడా చూడని మొక్క. జాగ్రత్తగా వేళ్లతో సహా తీసి తడిగుడ్డలో చుట్టాను. చీటీ రాద్దామని చూస్తే పెన్సిలు లేదు. నడుముకు దారంతో పెన్సిలు కట్టుకోవడం నాకు నామోషీగా ఉండేది, ఆ రోజు సంచిలో వేసుకోవడం కూడా మరిచాను. సరేలే, గుర్తుంటుందిలే అనుకుని ఇంటికి వచ్చి, అన్నం తిని, కాళ్లు చాపుకుని కూర్చుని రాశాను. ఊరు, తేదీ, రంగు. రాయి అన్నచోట ఆలోచించనే లేదు. పరుపులుగా విడిపోయే బూడిదరంగు బండ మా ఇంట్లో పలక తప్ప ఇంకేమవుతుంది? 'పలకరాయి' అని రాసి పడుకున్నాను.

పెద్దటీచరమ్మ ఆ మొక్కను ఎండబెట్టి మద్రాసుకు పోస్టులో పంపింది. అక్కడ ఒక కాలేజీలో మొక్కల శాస్త్రం చెప్పే ప్రొఫెసరు గారికి ఆమె ఏళ్లుగా మొక్కలు పంపుతుండేది. నెల తిరక్కుండానే జాబు వచ్చింది. ఇంగ్లీషు జాబును ఆమె తెలుగు చేస్తూ చదివింది. ఇలాంటి మొక్కను ఇంతవరకు శాస్త్రంలో ఎవరూ వర్ణించలేదని తాను అనుకుంటున్నానని, అన్నీ సరిపోతే కొత్త పేరు పెట్టి అచ్చు వేయిస్తానని రాశారాయన. చదువుతూ చదువుతూ ఒకచోట ఆమె ఆగింది, తలపంకించింది, జాబు మడిచేసింది. తర్వాత ఇంకేముందని అడిగితే "ఏం లేదులే, పెద్దోళ్ల మర్యాదలు," అంది. ఆ సాయంత్రం ఆమె కుంటుకుంటూనే బడి చుట్టూ రెండుసార్లు నడిచింది. నాకేమో కాళ్లు నేలమీద నిలవలేదు.

రెండో జాబు ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లింది. ఈ మొక్కకు దగ్గరి చుట్టాలన్నీ సున్నపురాయి మీదే బతుకుతాయట. చీటీలో పలకరాయి అని ఉంది. పలకరాయి గుట్టల మీద వెతికించినా ఎవరికీ ఇది కనబడలేదట. వేరే ఎక్కడి మొక్కో పొరపాటున ఈ చీటీతో కలిసిందేమో, నిజం తేలకుండా అచ్చు వేయడం కుదరదని, వీలయితే దాని కింది రాయి ముక్క పంపమని ఆయన అడిగారు. అన్నేళ్లుగా పంపిన మొక్కల్లో ఒక్కదాన్నీ ఆయన అనుమానించలేదు. పెద్దటీచరమ్మ మొహం కందిపోయింది. అప్పటికప్పుడు జవాబు రాసి నన్ను చదవమంది. 'ఈ మొక్క తెచ్చిన అమ్మాయి పలకల ఇంటి పిల్ల. రాయి విషయంలో ఆమె మాటే నా మాట. నా మీద నమ్మకం ఉంటే ఆ చీటీని నమ్మండి. ముక్క తర్వాత పంపుతాను' అని ఉంది. నా ఛాతీ ఉబ్బింది. మరుక్షణమే ఒక అనుమానం మొలిచింది. ఆ బండ మీద నేను గోరు పెట్టి గీశానా? ఉలి కాకపోతే కనీసం ఇంకో రాయితో తట్టి చప్పుడు విన్నానా? ఏదీ గుర్తు రాలేదు. జాబు పోస్టులో పడింది.

తర్వాతి శనివారం ముక్క తెస్తానని చెప్పి మళ్లీ బొల్లిగుట్టకు పోయాను. ఈసారి అక్కడ ఒక పెద్దావిడ సమ్మెటతో బండ పగలగొడుతోంది. ఆమె ఓబులమ్మ, గుట్ట కింద సున్నపు బట్టీ ఆమెదే. నేను ధైర్యంగా అడిగాను, "ఇది పలకరాయే గదా అత్తా?"

ఓబులమ్మ సమ్మెట దించి నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఏ ఊరమ్మా నీది?"

"మార్కాపురం. పలకలు కోసే ఇల్లు మాది."

"అట్లనా. మరి పలకను కాలిస్తే సున్నం ఎట్ల అయితాదమ్మా? నేను పిచ్చిదాన్నా, పలకలు మోసకపోయి బట్టీలో వేసేదానికి?" అంటూ కొడవలి మొనతో బండను గీసింది. తెల్లటి పొడి రాలింది. సద్దిమూటలోంచి సగం నిమ్మచెక్క తీసి దాని మీద పిండింది. పొడి చిన్నగా బుసబుసమని నురగ కట్టింది. "మా మామ నేర్పించినాడు. పొంగితే బట్టీకి, పొంగకుంటే గోడకు. నువ్వు పిండి చూడు."

పిండాను. పొంగింది. పక్కన నెర్రెలో ఎండిపోయిన ఆ మొక్క కాడ ఒకటి గాలికి ఊగుతోంది. దీన్ని మీరేమంటారని అడిగాను. "దానికి పేరేంది? మేక తినదు, మనం తినం. పేరెందుకు దానికి?" అంది ఓబులమ్మ, మళ్లీ సమ్మెట ఎత్తుకుంటూ. రాయి ముక్క ఒకటి కొంగున కట్టుకుని గుట్ట దిగాను. ఆ రెండు కోసులూ ఎట్లా నడిచానో తెలియదు. నా మాట నమ్మి పెద్దటీచరమ్మ తన మాట ఇచ్చేసింది, అది అబద్ధమైపోయింది.

ఇక్కడ నేను సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది, దాచను. నా ట్రంకుపెట్టెలో మా ఇంటి పలకరాయి ముక్కలు రెండు మూడు ఉండేవి, కత్తిపీట నూరుకోవడానికి తెచ్చుకున్నవి. అందులో ఒకటి పంపిస్తే? చీటీకి ముక్క సరిపోతుంది, ప్రొఫెసరు నోరు మూతపడుతుంది, మొక్క అచ్చవుతుంది, పెద్దటీచరమ్మ మాట నిలబడుతుంది. నా తప్పు ఎవరికీ తెలియదు. నిజంగానే ఒక ముక్కను కాగితంలో చుట్టి దారం కట్టాను. బుధవారం ఆమె "ముక్క తెచ్చినావా వెంగమ్మా?" అని అడిగితే "రేపిస్తానమ్మా," అన్నాను. గురువారం తలనొప్పి అన్నాను. శుక్రవారం ఆమె కనబడితే పక్కగదిలోకి తప్పుకున్నాను. ఆ పొట్లం నా తలగడ కింద ఉండేది, తల పెడితే గుచ్చుకునేది. ఆమె కోసమే ఈ పని చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నా పరువు కోసమేనని లోపల తెలుస్తూనే ఉంది.

సోమవారం వచ్చింది. ప్రార్థన కాగానే పెద్దటీచరమ్మ బోర్డు మీద రాసింది: 'వెంగమ్మకు ఒంట్లో బాగాలేదని తెలిసీ రాయి కోసం తొందరపెట్టాను.' పిల్లలు ఒకే గొంతుతో చదివారు. ఆమె చేతులు దులుపుకుని ఎవరో పెద్దలు వచ్చారని బయటికి పోయింది. నేను వాళ్ల ముందు నిలబడి ఉన్నాను. అది ఆమె తప్పు కాదు, దాన్ని అట్లా బోర్డు మీద ఉండనివ్వడం నా వల్ల కాలేదు. సుద్దముక్క తీసుకుని దాని కింద రాశాను: 'బొల్లిగుట్ట రాయి పలక కాదు, సున్నపురాయి. చూడకుండా రాశాను. తప్పు నాది. వెంగమ్మ.' పిల్లలకు బోర్డు మీద ఏది కనబడినా గొంతెత్తి చదవడం అలవాటు కదా, బడి కప్పు ఎగిరిపోయేలా చదివారు. "తప్పు నాది, వెంగమ్మ!" అని వీధిలోకి వినబడేలా రెండుసార్లు.

పెద్దటీచరమ్మ గుమ్మంలో వచ్చి నిలబడింది. బోర్డు చదివింది, మళ్లీ చదివింది. తిడితే బాగుండునని నేను ఎదురుచూస్తున్నాను. ఆమె గొడుగు మూలన పెట్టి నా దగ్గరికొచ్చి అడిగిన మొదటి మాట ఇది: "ఎట్ల తెలిసింది?"

"నిమ్మచెక్క పిండితే పొంగిందమ్మా."

"నిమ్మచెక్కా! ఎవరు చెప్పినారు?" ఆమె కళ్లు మెరిశాయి. "ఆయాను పిలువు, నిమ్మకాయ తెమ్మను. ఆ ముక్క యాడుంది?" ఆ ఉదయం లెక్కల పాఠం సాగలేదు. బడిలో ఉన్న రాళ్లన్నిటి మీదా, గుమ్మం మెట్టు మీద, చివరికి సన్నికల్లు మీద కూడా నిమ్మరసం పిండించింది. సాయంత్రం నేను ఏడుస్తూ ఆ పొట్లం సంగతి కూడా చెప్పేశాను. ఆమె ఆ పొట్లం తెప్పించి దారం విప్పింది. "అది పంపించి ఉంటే," అంది, "నా మాట నిలబడేది, మొక్క నిలబడేది కాదు. దాన్ని ఇంక ఎవరూ ఎప్పటికీ కనుక్కోలేకపోయేవాళ్లు. పలకగుట్టల మీద వెతుకుతా ఉండేవాళ్లు." దిద్దుబాటు జాబు నా చేతే రాయించి నా చేతే సంతకం పెట్టించింది. రాయి ముక్కను అందులో పెట్టింది. తానూ విడిగా ఒక జాబు రాసి అంటించింది, అది నాకు చూపలేదు.

ఆ తర్వాత ఆమెకు ఒకటే పట్టుకుంది. బొల్లిగుట్టకు ఎదురుగానే ఒక పలకగుట్ట ఉంది, గాలికి విత్తనం రెండింటి మీదా పడుతుంది, మరి ఒకదాని మీదే ఎందుకు మొలుస్తుంది? "అది రాయిని ఎట్ల గుర్తుపట్టింది వెంగమ్మా? నువ్వు పట్టలేకపోతివే!" అని నన్ను ఏడిపించేది. మరుసటి వానలకు విత్తనాలు తెచ్చి రెండు కుండల్లో చల్లాం, ఒకదాంట్లో సున్నపురాయి నలుసులు, రెండోదాంట్లో మా ఇంటి పలకముక్కలు. రెండింట్లోనూ మొలిచాయి, సమానంగానే పెరిగాయి. మేమిద్దరం ఆ కుండల ముందు కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. చీటీ చివరి వరుసలో 'ఎందుకో తెలియదు' అని రాసి కింద గీత గీసింది. ఆ గీత అర్థం నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

మొక్క అచ్చయి వచ్చింది. లాటిన్‌లో పేరు, 'సున్నపురాతి మీద నివసించేది' అని అర్థమట. కింద దొరికిన చోటు బొల్లిగుట్ట, సేకరించినది వెంగమ్మ. నా పేరు అచ్చులో చూసుకుని నేను పడ్డ సంబరం అంతా ఇంతా కాదు. మూడేళ్లకు పెద్దటీచరమ్మను పామూరు బడికి మార్చారు. సామాను కడుతుంటే ఆమె జాబుల కట్ట నా చేతికి వచ్చింది. పైన ప్రొఫెసరు గారి ఆ మొదటి జాబు. ఆమె చదవకుండా మడిచేసిన వాక్యం కనిపించింది: మొక్క కొత్తదని తేలితే, ఇన్నేళ్ల మీ శ్రమకు గుర్తుగా దానికి మీ పేరు పెడతాను. దాని కింద ఆమె జవాబు నకలు, నేను బోర్డు మీద రాసిన రోజు తేదీతో: 'నా పేరు వద్దు. ఆ రాయి విషయంలో మేం ఒకసారి తప్పాం, ఇంకెవరూ తప్పకుండా మొక్క పేరులోనే రాయిని పెట్టండి. తెచ్చిందీ దిద్దిందీ ఆ అమ్మాయి కనుక, ఎవరి పేరయినా వేయాలంటే ఆమెది వేయండి.'

ఆ కాగితం పట్టుకుని ఆమె ముందుకు పోయి "ఎందుకమ్మా?" అన్నాను. ఆమె ట్రంకుపెట్టెకు తాడు బిగిస్తూ తలెత్తింది. "నా పేరు పెడితే అది యాడ మొలుస్తాదో ఎవరికి తెలుస్తాది? నేను గుట్ట మీద ఉంటానా ఏంది?" అని నవ్వి, "ఈ కొస పట్టుకో, గట్టిగా లాగు," అంది. లాగాను. కళ్లనీళ్లతో ముడి సరిగ్గా పడలేదు, మళ్లీ కట్టాల్సి వచ్చింది.

ఇప్పటికీ కొత్త రాయి కనబడితే నిమ్మచెక్క పిండుతాను, పెళ్లివారింటి గుమ్మమైనా సరే. పెన్సిలును దారంతో నడుముకు కట్టుకుంటాను, పిల్లలు నవ్వితే నవ్వనీ. వంటింటి గోడకు మా నాయన కోసిన పలక ఒకటి వేలాడుతుంది, సోమవారం సోమవారం దాని మీద నా తప్పు రాస్తాను. రేపు సోమవారం. ఏం రాయాలో ఈ కాగితాలన్నీ మళ్లీ చదువుకుంటే తెలిసింది. మొదటినుంచి చివరిదాకా పెద్దటీచరమ్మ, పెద్దటీచరమ్మ అనే రాశాను. మొక్కలో ఆమె పేరు లేదు, అచ్చయిన కాగితంలో లేదు, చివరికి నేను రాసిన దాంట్లో కూడా లేకుండా పోయేది. దిద్దుకుంటున్నాను. ఆమె పేరు సలోమమ్మ.